ఆర్టికల్స్ రాస్తే నెలకి పాతిక వేలు వస్తాయా? నాకు తెలిసింది చెప్తా

మీ ప్రశ్న మొత్తం చదివాను చెల్లెమ్మా. బీకామ్ అయింది, రాజమండ్రి దగ్గర పల్లెటూరు, పాపకి రెండేళ్లు, బయటికెళ్లి ఉద్యోగం చేసే వీల్లేదు, తెలుగు బాగా రాస్తాను ఇంగ్లీష్ పర్లేదు అన్నారు. నెట్‌లో ఆర్టికల్స్ రాసి నెలకి 25 వేలు సంపాదించొచ్చా, ఒక కంపెనీ వాళ్లు 1500 కట్టి రిజిస్టర్ అవ్వమంటున్నారు కట్టాలా, లాప్‌టాప్ కొనాలా అని అడిగారు.

ముందు 1500 సంగతి తేల్చేద్దాం. కట్టకండి. పని ఇచ్చేవాడు మనకి డబ్బులివ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడమేంటి. 1500 పోతే పోయిందిలే అనుకుంటారు కానీ ఈ బాపతు వాళ్ల అసలు ఆట ఆ తర్వాత మొదలవుతుంది. ఒక అగ్రిమెంట్ పంపిస్తారు, మొబైల్‌లోనే సంతకం పెట్టించుకుంటారు, ఐదు రోజుల్లో ఇన్ని పేజీలు, తప్పుల్లేకుండా ఇంత శాతం అని ఏదో రాసి ఉంటుంది, అది మనిషి అన్నవాడికి అయ్యే పని కాదు. మీరు చేసి పంపాక "క్వాలిటీ చెక్‌లో ఫెయిల్ అయ్యారు, అగ్రిమెంట్ ప్రకారం మీరే మాకు నష్టపరిహారం కట్టాలి" అంటారు, మర్నాడు లాయర్ పేరుతో వాట్సాప్‌లో నోటీసు. మా బాబాయి కూతురు ఆ నోటీసు చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు, ఇంట్లో తెలిస్తే తిడతారని ఎవరికీ చెప్పకుండా 5,600 కట్టేసింది. కట్టాక ఇంకో నోటీసు వచ్చింది, అప్పుడు చెప్పింది నాకు. మీరు గానీ ఇప్పటికే ఏదైనా సంతకం పెట్టేసి ఉంటే కంగారు పడకండి, పైసా కట్టకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి, ఆ చాట్లు డిలీట్ చేయకండి.

ఇక అసలు విషయం. నాది నరసరావుపేట, ఆరేళ్లు ఒక దినపత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా చేసి 2013లో మానేసి ఇంటికొచ్చేశా, అప్పట్నుంచీ రాతే బతుకు. అందుకే మీరు అడిగిన "ఆర్టికల్స్ రాస్తే డబ్బులొస్తాయా" అనే ప్రశ్నకి నా సమాధానం కొంచెం వంకరగా ఉంటుంది. రాసినందుకు డబ్బులు రావు. మీకు తెలిసి ఎదుటివాడికి తెలియని విషయం ఒకటి ఉంటే, దానికి వస్తాయి. రాత అనేది దాన్ని మోసుకెళ్లే బండి, అంతే.

ఇది నాకు అర్థమవ్వడానికి చాలా ఏళ్లు పట్టింది. నా మొదటి ఆన్‌లైన్ పని పదానికి 20 పైసలు, ఇంగ్లీష్‌లో, అమెరికాలో వాటర్ హీటర్లు బాగుచేసే కంపెనీల కోసం. నేను జన్మలో వాటర్ హీటర్ విప్పి చూసింది లేదు. నెట్‌లో ఉన్న నాలుగు ఆర్టికల్స్ చదివి ఐదోది వండటమే పని. 500 పదాలకి వంద రూపాయలు, రోజుకి నాలుగు రాస్తే నాలుగొందలు, పొలం కూలీకి వెళ్లినోళ్లకి కూడా మధ్యాహ్నం అన్నం తినే టైముంటుంది, నాకు అదీ లేదు. సరే అలాగే ఏళ్లు గడిచాయి, రేటు రూపాయి దాకా వచ్చింది, ఇంతలో 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చింది. ఏడాది తిరిగేసరికి నా ఇంగ్లీష్ క్లయింట్లలో ముగ్గురు మానేశారు. వాళ్లని ఏమనగలం, నేను చేసే పని అదే చేస్తోంది కదా, నాలుగు చదివి ఐదోది వండటం, అదీ అర నిమిషంలో, టీ అడగకుండా.

కాబట్టి "ఏ టాపిక్ ఇచ్చినా రాస్తాను" అనే మాట ఇప్పుడు ఎవరి దగ్గరా అనకండి. ఏ టాపిక్ అయినా రాసేవాడికి రేటు లేదు. గూగుల్ కూడా 2024 మార్చిలో రూల్ మార్చింది, మనిషి రాసినా మెషీన్ రాసినా సరే, సెర్చ్‌లో పైకి రావడం కోసమే కుప్పలుగా పేజీలు పోస్తే స్పామ్ కింద లెక్కేస్తామని. ఆ దెబ్బకి రోజుకి ముప్పై ఆర్టికల్స్ వేసే తెలుగు సైట్లు కొన్ని నాకు తెలిసినవే మూతపడ్డాయి, వాటిలో పదానికి పది పైసలకి రాసే పిల్లలు కూడా పోయారు.

మరి మీకు తెలిసిందేంటి? మీరు ఏమీ తెలియదు అంటారు, నాకు తెలుసు, అందరూ అదే అంటారు. మీ ప్రశ్నలోనే మీరు మాటవరసకి రాసిన లైను ఒకటుంది, "మొన్న పోస్టాఫీసులో పాపకి సుకన్య కడితే మా వీధిలో నలుగురు నన్నే అడిగి ఫారాలు నింపించుకున్నారు" అని. చెల్లెమ్మా, అదే మీ టాపిక్.

ఎలాగో చూపిస్తా. ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధి గురించి తెలుగులో వందల ఆర్టికల్స్ ఉన్నాయి, అన్నీ ఒకేలా మొదలవుతాయి, "ఈ ఆర్టికల్‌లో మనం సుకన్య సమృద్ధి యోజన గురించి పూర్తి వివరాలు తెలుసుకుందాం" అని. కింద ఏడాదికి కనీసం 250, ఎక్కువలో ఎక్కువ లక్షన్నర, పాపకి పదేళ్లు నిండకముందే తెరవాలి, 15 ఏళ్లు కట్టాలి, ఇదంతా కాపీ. కానీ మీ వీధిలో వాళ్లు అడిగిన డౌట్లు అవి కావు కదా. "పాపకి 21 ఏళ్లు రాగానే డబ్బులు చేతికొస్తాయా" అని కచ్చితంగా అడిగి ఉంటారు, అందరూ అలాగే అనుకుంటారు. ఆ 21 పాప వయసు కాదు, అకౌంట్ తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లు. మీ పాపకి రెండేళ్లప్పుడు తెరిచారు కాబట్టి పాపకి 23 వస్తే గానీ పూర్తి కాదు. మధ్యలో 18 దాటాక పెళ్లి అయితే మూసేయొచ్చు, చదువుకైతే సగం దాకా తీసుకోవచ్చు. ఒక ఏడాది కట్టడం మర్చిపోతే అకౌంట్ పోయినట్టేనా? పోదు, ఆ ఏడాదికి కట్టాల్సిన 250తో పాటు 50 రూపాయలు పెనాల్టీ కట్టి మళ్లీ బతికించుకోవచ్చు. ఇప్పుడు చూడండి, ఈ మూడు డౌట్లతో మొదలుపెట్టి, మీరు ఫారం నింపుతుంటే ఎక్కడ తప్పు పడింది, పాన్ లేదని ఎవర్ని వెనక్కి పంపారు, బర్త్ సర్టిఫికెట్‌లో పాప పేరు లేకపోతే ఏం చేశారు, ఇవి కలిపి రాస్తే ఆ ఆర్టికల్ ఏ మెషీనూ రాయలేదు, ఎందుకంటే అది ఆ పోస్టాఫీసు క్యూలో నిలబడలేదు.

ఇలాంటివి మూడు రాసి పెట్టుకోండి. సుకన్య ఒకటి, బీకామ్ కాబట్టి కిరాణా షాపువాడికి జీఎస్టీ గురించి ఒకటి, పీఎఫ్ డబ్బులు తీసుకోవడమో డ్వాక్రా లోనో ఇంకొకటి. ఈ మూడే మీ శాంపిల్స్, మీ సర్టిఫికెట్, మీ రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీనూ.

వీటిని పట్టుకుని వెళ్లే దార్లు నాకు తెలిసి రెండు. ఒకటి కూలి, రెండోది సొంత సేద్యం. కూలిలో డబ్బు నెలనెలా వస్తుంది, సేద్యంలో ఎప్పుడొస్తుందో తెలీదు కానీ పొలం మీది. రెండూ కలిపి చేస్తేనే నిలబడతారు, నేను నిలబడింది అలాగే.

సొంత సేద్యం అంటే సొంత సైట్ పెట్టుకుని యాడ్స్ పెట్టుకోవడం. మన సైట్‌లో యాడ్స్ వేసి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్, తెలుగు పేజీలకి 2018 నుంచి ఇస్తోంది, అంతకుముందు తెలుగులో ఎంత రాసినా పేరు తప్ప పైసా లేదు. ఇప్పుడు ఇస్తోంది కానీ తెలుగు పేజీకి యాడ్ రేటు తక్కువ, నా సైట్‌లో ఒక పేజీ వెయ్యిసార్లు చూస్తే నాకు ముప్పై నలభై రూపాయలు, బాగున్న నెలలో అరవై. అకౌంట్‌లో 100 డాలర్లు అయితే గానీ బ్యాంకుకి పంపరు, నాకు ఆ మొదటి వందకి పదకొండు నెలలు పట్టింది. మధ్యలో 10 డాలర్లకి ఒక పిన్ నంబర్ పోస్టులో ఇంటికి వస్తుంది, అడ్రస్ సరిగ్గా ఇవ్వండి, పల్లెటూరు కాబట్టి "ఫలానా వారి కోడలు" అని రాసుకున్నా తప్పులేదు, మాకైతే మా నాన్నగారి పేరు రాస్తేనే వచ్చింది.

ఒక చిన్న ముచ్చట చెప్తా. మా ఆవిడ ఆరేళ్ల క్రితం సరదాగా వరలక్ష్మీ వ్రతం గురించి ఒక పేజీ రాసింది, కథా శ్లోకాలూ కాదు, కలశం ఎలా పెట్టాలి, తోరం ఎన్ని ముడులు, ఏ సామాను ఎంత తెచ్చుకోవాలి అనే లిస్టు. చివర్లో "మామిడాకులు దొరక్కపోతే ఏం చేయాలి" అని నాలుగు లైన్లు. నేను నవ్వా, మామిడాకులు దొరకని ఊరుంటుందా అని. ఆ పేజీ పదకొండు నెలలు పడుకుని ఉంటుంది, శ్రావణం రాగానే లేస్తుంది, చూసేవాళ్లలో సగం మంది న్యూజెర్సీ, డాలస్ వాళ్లు, వాళ్లకి కావల్సింది ఆ నాలుగు లైన్లే. అమెరికాలో చూస్తే యాడ్ రేటు ఎక్కువ కాబట్టి నేను ఏడాదంతా రాసిన వాటికంటే ఆ ఒక్క పేజీ శ్రావణంలో ఎక్కువ తెస్తుంది. నేనిప్పుడు నవ్వట్లేదు.

ఇంకో మాట, మనవాళ్లు తెలుగు చదువుతారు గానీ తెలుగులో వెతకరు. "సుకన్య అకౌంట్ ఎలా ఓపెన్ చేయాలి" అని ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతారు. అందుకని పేజీ లింకు ఇంగ్లీష్ అక్షరాల్లో అలాగే పెట్టండి, హెడ్డింగ్ మాత్రం జనం మాట్లాడే తెలుగులో. "సుకన్య ఖాతా ప్రారంభ విధానము" అని పెడితే మీరొక్కరే చదువుకోవాలి.

కూలి సంగతికి వస్తే, తెలుగులో నిజంగా డబ్బున్న పనికి ఎవరూ "ఆర్టికల్స్" అని పేరు పెట్టరు. అనువాదం, యాప్‌లలో తెలుగు, యూట్యూబ్ స్క్రిప్టులు, మెషీన్ చేసిన తెలుగుని సరిచేయడం, ఇవీ. నాకు ఇప్పుడొచ్చే దాంట్లో ముప్పావు వంతు ఇక్కడిదే.

అనువాదంలో అందరూ మోసపోయే చోటు ఒకటుంది, అది ముందే చెప్తా. రేటు పదానికి ఇంత అంటారు. ఏ భాష పదానికి? "యూ డోంట్ హావ్ టు గో దేర్ ఎగైన్", ఇంగ్లీష్‌లో ఏడు పదాలు. "మళ్లీ అక్కడికి వెళ్లక్కర్లేదు", మూడు పదాలు. మన భాషలో అన్నీ అతుక్కుపోతాయి కదా, "లోనుంచి", "వాళ్లతో", "వెళ్లాల్సినవాళ్లలో" ఇవన్నీ ఒక్కో పదం. నా ఫైళ్లలో వెయ్యి ఇంగ్లీష్ పదాలు తెలుగులోకి వచ్చేసరికి ఆరొందల యాభై చిల్లర అవుతాయి. అంటే తెలుగు పదానికి రూపాయి అని ఒప్పుకుంటే అదే పనికి మూడొందల యాభై ఎగిరిపోయినట్టే. సోర్స్ వర్డ్, అంటే మూలంలో ఉన్న ఇంగ్లీష్ పదాల లెక్కే అడగండి. మొదటి రెండేళ్లు నాకు ఇది తెలీదు, ఎంత పోగొట్టుకున్నానో లెక్కేసుకోవడం మానేశా.

మెషీన్ తెలుగు సరిచేసే పనికి ఇప్పుడు గిరాకీ బాగుంది, ఏజెన్సీల వాళ్లు పోస్ట్ ఎడిటింగ్ అంటారు. రేటు అనువాదం కంటే తక్కువ ఇస్తామంటారు కానీ చెయ్యి తిరిగితే గంటకి వచ్చేది ఎక్కువే. ఎలా ఉంటుందంటే, ఒక బస్సు టికెట్ల యాప్ ఫైల్ నా దగ్గరికి వచ్చింది, "బుక్ నౌ" అనే బటన్‌కి "ఇప్పుడు పుస్తకం" అని ఉంది. ఇంకో చోట ఫైల్ సేవ్ చేయండి అనడానికి "ఫైల్‌ను రక్షించండి". ఇవి ఎవరైనా పట్టుకుంటారు. పట్టుకోలేనివి ఇలా ఉంటాయి: "మీ ఖాతాను సృష్టించడానికి దయచేసి దిగువన ఉన్న బటన్‌పై క్లిక్ చేయండి". తప్పేం లేదు, వ్యాకరణం బానే ఉంది, కానీ మీ అత్తగారు మీతో అలా మాట్లాడతారా? "అకౌంట్ తెరవాలంటే కింది బటన్ నొక్కండి". సగం పదాలు పోయాయి, చదివేవాడికి ఊపిరి ఆడింది. "దయచేసి" ఇంగ్లీష్‌లో ప్లీజ్ ఉంది కాబట్టి వచ్చింది, మనకి ఆ మర్యాద "అండి"లోనే ఉంది. మీది గోదావరి జిల్లా, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకొకటి చిన్నదే కానీ దీంతోనే ఎడిటర్లు మనిషిని అంచనా వేస్తారు. "సాఫ్ట్వేర్" అని టైప్ చేస్తే వ ఒత్తు కింద ఇరుక్కుపోతుంది, "సాఫ్ట్‌వేర్" అని విడిగా రావాలి. దానికి మధ్యలో కనపడని అక్షరం ఒకటి పెట్టాలి, పొల్లుని పొల్లుగానే నిలబెట్టే కీ. తెలుగు టైపింగ్ సైట్ లేఖినిలో ఉంది, విండోస్ ఇన్‌స్క్రిప్ట్‌లో ఉంది, ఫోన్ కీబోర్డుల్లో కొన్నింట్లో ఉంది కొన్నింట్లో లేదు. నేను డెస్క్‌లో అను ఫాంట్‌లో, అంటే యూనికోడ్ కాని పాత ప్రింటింగ్ ఫాంట్‌లో, కొట్టి కొట్టి యూనికోడ్‌కి వచ్చినప్పుడు ఈ ఒత్తులతో ఏడ్చినంత పని అయింది, మీకు ఆ బాధ లేదు కాబట్టి మొదట్నుంచే అలవాటు చేసుకోండి. ఎవరైనా అను ఫాంట్‌లో ఫైల్ కావాలంటే మాత్రం కన్వర్టర్లు ఉన్నాయి, ఒకసారి కన్వర్ట్ చేశాక మళ్లీ మొత్తం చదవకుండా పంపకండి.

యూట్యూబ్ స్క్రిప్టుల గురించి తక్కువే చెప్తా, నాకు అంత ఇష్టం లేని పని. భక్తి, ఆరోగ్యం, క్రైమ్ చానళ్ల వాళ్లకి రోజూ స్క్రిప్ట్ కావాలి, పది నిమిషాల వీడియోకి నాకు వెయ్యి పదాలు పడతాయి, డబ్బు త్వరగా ఇస్తారు. ఆరోగ్యం మీద మాత్రం "ఈ ఆకు తింటే షుగర్ మాయం" బాపతు రాయమంటే రాయకండి, ఎవరో మందు మానేస్తారు.

కథలు, నవలలు రాస్తారా అని మీరు అడగలేదు కానీ తర్వాత అడుగుతారు. ప్రతిలిపి లాంటి యాప్‌లలో సీరియల్స్ రాసి సంపాదించేవాళ్లు ఉన్నారు, రోజూ ఒక భాగం వేయగలిగితే. పత్రికల ఉగాది, సంక్రాంతి పోటీల్లో బహుమతి వస్తే సంతోషం. ఇంటి ఖర్చు మాత్రం వాటి మీద పెట్టుకోకండి.

డబ్బులు చేతికి రావడం ఇంకో కథ. నాతో ఒక సైట్ వాళ్లు 23 ఆర్టికల్స్ రాయించుకుని నెలాఖరు, నెలాఖరు అంటూ ఫోన్ ఎత్తడం మానేశారు, ఆ ఆర్టికల్స్ ఇప్పటికీ వాళ్ల సైట్‌లో ఉన్నాయి, ఒకదాంట్లో నేను చేసిన అక్షరదోషం కూడా అలాగే ఉంది. అప్పట్నుంచి కొత్తవాళ్లయితే సగం అడ్వాన్స్, లేదంటే రెండు ఆర్టికల్స్‌కి డబ్బులు వచ్చాకే మూడోది. ఊరికే శాంపిల్ రాసివ్వమంటే మీ మూడూ చూపించండి, వాళ్ల టాపిక్ మీద కొత్తగా కావాలంటే రేటు చెప్పండి. ఇరవై మంది దగ్గర తలో శాంపిల్ రాయించుకుని ఇరవై పేజీలు నింపుకునేవాళ్లు ఉన్నారు.

పేర్లు సరిచూసుకోండి, ఇది ముఖ్యంగా పెళ్లయిన ఆడవాళ్లకి. పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకులో ఒట్టి ఇనీషియల్, ఇలా ఉంటే యాడ్‌సెన్స్ దగ్గరా విదేశీ పేమెంట్ల దగ్గరా ఇరుక్కుంటారు. పని మొదలుపెట్టకముందే మూడూ ఒకటి చేసుకోండి, మీసేవ చుట్టూ నాలుగు రోజులు తిరిగినా సరే. మన దేశంలో క్లయింట్లు యూపీఐనో బ్యాంకులోనో వేస్తారు. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి ఇండియా లోపల పేమెంట్లు ఆపేసింది, బయటి దేశాల నుంచి వచ్చే డబ్బుకే పనికొస్తుంది. ఫైవర్ లాంటి ఫ్రీలాన్స్ సైట్లలో మీ సంపాదనలో 20 శాతం వాళ్లదే, అది కలుపుకునే రేటు పెట్టుకోండి.

కంపెనీలు పెద్ద మొత్తం ఇచ్చేటప్పుడు 10 శాతం టీడీఎస్, అంటే పన్ను, ముందే కోస్తాయి, పాన్ ఇవ్వకపోతే 20. ఆ డబ్బు పోయిందని చాలామంది వదిలేస్తారు, మీరు బీకామ్ కాబట్టి మీకు తెలిసే ఉంటుంది, ఇన్‌కమ్ టాక్స్ సైట్‌లో మీ పాన్ మీద కనపడుతుంది, రిటర్న్ వేస్తే మీ ఆదాయానికి పన్ను లేనప్పుడు మొత్తం వెనక్కొస్తుంది. మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు రాసేవాళ్లకి నేనే గుర్తుచేసి వేయించా. ఆ మాటకొస్తే "ఫ్రీలాన్సర్‌కి కట్ అయిన టీడీఎస్ వెనక్కి తెచ్చుకోవడం ఎలా" అనేది మీ నాలుగో శాంపిల్ అవ్వొచ్చు.

25 వేల సంగతి. మొదటి మూడు నెలలు ఏమీ రాకపోవచ్చు, వచ్చినా రెండు మూడు వేలు. రోజుకి మూడు గంటలు కుదురుగా కూర్చుంటే ఏడాది లోపు ఎనిమిది, పది వేల దగ్గరికి చేరొచ్చు, నేను చూసినవాళ్లలో 25 దాటినవాళ్లు రెండో ఏడాదిలోనే దాటారు, అదీ అనువాదం, ఎడిటింగ్ పట్టుకున్నవాళ్లే. పాప నిద్రపోయే టైములోనే ఆ మూడు గంటలు రావాలి కాబట్టి మీకు ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు, పట్టనివ్వండి.

లాప్‌టాప్ ఇప్పుడే వద్దు. ఆ నాలుగు శాంపిల్స్‌కి ఫోన్ చాలు, జీబోర్డ్‌లో, అంటే గూగుల్ కీబోర్డ్‌లో, మైక్ నొక్కి మీ వీధిలోవాళ్లకి చెప్పినట్టే చెప్పండి, అది టైప్ చేస్తుంది, తర్వాత కూర్చుని తప్పులు దిద్దుకోండి. ఒత్తులూ కామాలూ అది సగం మింగేస్తుంది, చూసుకోవాలి. పాప పక్కన పడుకుని ఉంటే గుసగుసగా చెప్పినా వింటుంది, కాకపోతే "సుకన్య"ని "శకునం" అని కొట్టొచ్చు. అనువాదం ఫైళ్లు రావడం మొదలయ్యాక మాత్రం ఫోన్‌లో కుదరదు, అప్పుడు రాజమండ్రిలో పదిహేను వేలలో సెకండ్ హ్యాండ్‌ది ఒకటి చూసుకోండి, తెలుగు కీబోర్డ్ స్టిక్కర్లు కొనొద్దు, వారంలో చెరిగిపోతాయి.

మొదటి శాంపిల్ అయ్యాక ఇక్కడే కింద పెట్టండి. చదివి ఎర్రసిరా పెడతా, ఏమనుకోకూడదు.